డ్రీమ్‌వీవర్‌లో చేసిన సైటు షాపులో బాగానే ఉంది, అప్‌లోడ్ చేశాక బయట మాత్రం తెలుగు లేదు, ఫోటోలు లేవు

గవర్నరుపేట_కార్డ్స్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ గవర్నరుపేటలో శుభలేఖల షాపు, డీటీపీ (కంప్యూటర్‌లో కంపోజింగ్) కూడా లోపలే చేసుకుంటాం. పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరెల్‌డ్రా అంటే కళ్లు మూసుకుని చేస్తాను గానీ వెబ్‌సైటు చెయ్యడం ఇదే మొదటిసారి. బయట అడిగితే వాళ్లు చెప్పిన రేటు విని మా నాన్నగారు, సిస్టమ్ మన దగ్గరే ఉంది, డిజైన్ చేసేవాడివి నువ్వే, ఇంకా వాళ్లకెందుకు ఇవ్వడం అన్నారు. ఎలాగూ ఇప్పుడు మూఢం, ముహూర్తాల్లేవు, కౌంటర్ ఖాళీ. అందుకని షాపులో ఎప్పట్నుంచో ఉన్న డ్రీమ్‌వీవర్ సీఎస్6 తీసి, వీడియోలు చూసుకుంటూ హోమ్, కార్డుల మోడల్స్, మ్యాటర్ శాంపిల్స్, రేట్లు, మా అడ్రస్ అని ఐదు పేజీలు చేశాను. మా సిస్టమ్‌లో చూస్తే ముచ్చటగా ఉంది.

డాట్ ఇన్ డొమైన్ (సైటు పేరు) ఒక చోట కొన్నాం, హోస్టింగ్ (సైటు ఫైళ్లు పెట్టుకునే సర్వర్ చోటు) ఇంకో చోట ఆఫర్లో ఉంటే ఏడాదికి తీసుకున్నాం. వాళ్లు మెయిల్లో ఎఫ్‌టీపీ (ఫైళ్లు సర్వర్‌కి ఎక్కించే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పంపారు. డ్రీమ్‌వీవర్‌లో మేనేజ్ సైట్స్‌లో అవి ఎక్కించి, ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ చేసి పైకి చూపించే బాణం కొట్టాను. అన్నీ వెళ్లిపోయాయి, ఎర్రర్ ఒక్కటీ రాలేదు.

కానీ డొమైన్ పేరు కొడితే మా సైటు రావడం లేదు, తెల్ల పేజీ మీద "ఇండెక్స్ ఆఫ్" అని పైన ఉండి కింద ఫోల్డర్ పేరు కనబడుతోంది. దాని మీద నొక్కి, అందులో హోమ్ ఫైలు నొక్కితే అప్పుడు వస్తోంది. వచ్చినా సగం ఫోటోలు లేవు, వాటి చోట విరిగిపోయిన బొమ్మ గుర్తు ఉంది. ఇవే ఫోటోలు షాపులో అన్నీ కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది తెలుగు. మ్యాటర్ అంతా అనూ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేసిందే, పేజ్‌మేకర్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేశాను. షాపులో ఏ సిస్టమ్‌లో చూసినా చక్కటి తెలుగు. ఫోన్లో చూస్తే ఇంగ్లిష్ అక్షరాలూ కొమ్ములూ టోపీలూ కలిపి ఏదో చైనా మందు చీటీలా ఉంది. దానికి తోడు ఫోన్లో పేజీ మొత్తం అగ్గిపెట్టె సైజులో వస్తోంది, వేళ్లతో పెద్దది చేసుకుంటే గానీ చదవలేం. కస్టమర్లు వివరాలు పంపడానికి ఒక ఫారం పెట్టాను, సెండ్ నొక్కితే ఏమీ జరగడం లేదు.

హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే సర్వర్ బాగానే ఉంది, మీ డిజైనర్‌ని అడగండి అన్నారు. ఆ డిజైనర్‌ని నేనే. మూఢం వెళ్లే లోపు సైటు నిలబెట్టాలి, ఎవరైనా దారి చూపించండి.

---

ఆటోనగర్_సిస్టమ్స్:

బ్రదర్, హోస్టింగ్ వాళ్లు చెప్పింది నిజమే, సర్వర్ తప్పేమీ లేదు. డ్రీమ్‌వీవర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వచ్చే చిక్కు ఏంటంటే అది ఫైళ్ల సంగతి మన కళ్లకి కనబడనివ్వదు. బొమ్మ లాగి పెడితే పేజీలో బొమ్మ పడుతుంది, అంతే అనుకుంటాం. నిజానికి ఆ పేజీ లోపల బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే ఉంటుంది. పేజ్‌మేకర్‌లో ఫోటో లింక్ పోతే అడుగుతుంది చూశారా, ఇదీ అదే లెక్క, కాకపోతే ఇక్కడ అడగదు, విరిగిన గుర్తు చూపించి ఊరుకుంటుంది.

ముందు హోమ్ పేజీ. మీరు ఫోల్డర్‌తో సహా ఎక్కించారు. సర్వర్‌లో పబ్లిక్ అండర్‌స్కోర్ హెచ్‌టీఎంఎల్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది (కొన్ని చోట్ల దాన్నే హెచ్‌టీడాక్స్ అంటారు), డొమైన్ కొట్టగానే సర్వర్ అందులోకే చూస్తుంది. దాని లోపల ఇంకో ఫోల్డర్ వేసి అందులో సైటు పెడితే అది వెతుక్కుంటూ పోదు. కాబట్టి ఫోల్డర్ లోపలున్న ఫైళ్లు మాత్రమే నేరుగా అక్కడ పడాలి. రెండోది, మొదటి పేజీ ఫైలు పేరు కచ్చితంగా ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఉండాలి, అన్నీ చిన్న అక్షరాల్లో. మీరు హోమ్ అని పెట్టినట్టున్నారు. సర్వర్‌కి ఆ పేరు అలవాటు లేదు, అందుకే ఏం చూపించాలో తెలియక ఉన్న ఫైళ్ల జాబితా చూపిస్తోంది. పేరు మార్చేటప్పుడు విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లి మార్చకండి, డ్రీమ్‌వీవర్ ఫైల్స్ ప్యానెల్‌లోనే మార్చండి. అప్పుడు మిగతా పేజీల్లో ఆ ఫైలుకి ఉన్న లింకులు కూడా మార్చమంటారా అని అడుగుతుంది, అప్‌డేట్ కొట్టండి.

ఇక ఫోటోలు. సగం వచ్చి సగం రాలేదు అన్నారంటే కారణం రెండింట్లో ఒకటి, లేదా రెండూ. మీ సిస్టమ్ విండోస్, దానికి కేపిటల్ అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే. హోస్టింగ్ సర్వర్లు ఎక్కువగా లైనక్స్ మీద నడుస్తాయి, దానికి కేపిటల్ జే పీ జీ వేరు, చిన్న జేపీజీ వేరు. కెమెరాలు చాలావరకు ఫైలు పేరు చివర కేపిటల్స్‌లోనే పెడతాయి, మనం పేజీలో చిన్నక్షరాల్లో టైప్ చేస్తాం. షాపులో పనిచేస్తుంది, సర్వర్ ఎక్కగానే పోతుంది. ఫైలు పేరులో స్పేస్‌లు ఉన్నా తలనొప్పే, "కొత్త మోడల్ 3 ఫైనల్ ఫైనల్" లాంటి పేర్లు డీటీపీ వాళ్లకి మామూలే కదా, అవన్నీ తీసేయండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో గీత, ఇంతే వాడండి.

రెండో కారణం ఇంకా దొంగది. కోడ్ వ్యూలోకి వెళ్లి ఆ ఫోటో అడ్రస్ చూడండి. ఫైల్ అని మొదలై, కోలన్, మూడు స్లాష్‌లు, తర్వాత డీ డ్రైవ్ అని ఉందంటే అది మీ సిస్టమ్‌లోని డీ డ్రైవ్ అడ్రస్. మీ సిస్టమ్‌లో దొరుకుతుంది, ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. సైట్ ఫోల్డర్ బయట ఉన్న ఫోటోని లాగి పెట్టినప్పుడు, ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యనా అని డ్రీమ్‌వీవర్ అడిగితే నో కొట్టేస్తే ఇలా అవుతుంది. ఫోటోలన్నీ సైట్ ఫోల్డర్ లోపల ఇమేజెస్ అనే ఒకే ఫోల్డర్‌లో వేసి మళ్లీ లింక్ ఇవ్వండి. అయ్యాక సైట్ మెనూలో చెక్ లింక్స్ సైట్‌వైడ్ అని ఉంటుంది, అది కొడితే తెగిన లింకులు ఏవో కింద జాబితా ఇస్తుంది. కానీ కేపిటల్ గొడవ దానికీ అన్నిసార్లూ దొరకదు, అది కంటితో చూసుకోవాల్సిందే.

ఒక చిన్న మాట. డ్రీమ్‌వీవర్‌తోనే అప్‌లోడ్ చెయ్యాలని రూలేమీ లేదు. ఫైల్‌జిల్లా అని ఉచితంగా దొరుకుతుంది, దాని సొంత సైటు నుంచే దించుకోండి, వేరే చోట్ల దించితే దాంతో పాటు చెత్త కూడా రావొచ్చు. ఎడమ పక్క మీ సిస్టమ్, కుడి పక్క సర్వర్, రెండూ పక్కపక్కన కనబడతాయి. ఏ ఫైలు ఎక్కడ పడిందో అప్పుడు అర్థమవుతుంది. మీ హోస్టింగ్ ఇస్తే ఎస్‌ఎఫ్‌టీపీ వాడండి, పోర్ట్ 22. మామూలు ఎఫ్‌టీపీలో, అంటే పోర్ట్ 21లో, పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్తుంది.

తెలుగు సంగతి నాకు అంతగా తెలియదు, తెలిసినవాళ్లు చెబుతారు.

---

బెంజిసర్కిల్_బాబు:

ఇంత కష్టం ఎందుకు అన్నా, కోడ్ లేకుండానే సైటు నడిపే వర్డ్‌ప్రెస్ వేసుకో, సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్లిచ్చే కంట్రోల్ పేజీ) ఒక్క నొక్కుతో పడిపోతుంది, థీమ్ ఎక్కించు, ఫోటోలు పెట్టు, సాయంత్రానికి సైటు రెడీ. డ్రీమ్‌వీవర్ ఎవరు వాడుతున్నారు ఈ రోజుల్లో. అసలు ఇన్‌స్టా పేజీ, వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్ ఉంటే శుభలేఖల షాపుకి సైటు కూడా అక్కర్లేదు.

---

అరండల్‌పేట_ప్రూఫ్:

బాబు గారూ, వర్డ్‌ప్రెస్ వేసినా అనూ మ్యాటర్ పేస్ట్ చేస్తే ఇదే చెత్త వస్తుంది. ఆ చిక్కు సాఫ్ట్‌వేర్‌ది కాదు.

గవర్నరుపేట వారికి: మాది గుంటూరు, చాలా ఏళ్లుగా ప్రెస్‌లో కంపోజింగ్, ప్రూఫ్ రెండూ చేస్తున్నాను, అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే పని రోజూ ఉండేదే. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

అనూలో మీరు "క" కొట్టినప్పుడు ఫైల్లో పడేది "క" కాదు. అక్కడ పడేది ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఆ స్థానంలో "క" బొమ్మ కనిపించేలా ఫాంట్‌ని గీశారు, అంతే. తలకట్టు వేరే గుర్తు, ఒత్తు వేరే గుర్తు, కొమ్ము ఇంకోటి. అనూ ఫాంట్ ఎక్కించి ఉన్న సిస్టమ్‌లో అవన్నీ కలిసి తెలుగులా కనబడతాయి. ఫాంట్ లేని చోట అసలు రూపం బయటపడుతుంది. మీ పేజ్‌మేకర్ ఫైలు అనూ లేని ప్రెస్‌కి పంపితే ఏమొస్తుందో మీకు తెలుసు, ఫోన్లో వస్తున్నది అచ్చంగా అదే. మీ కస్టమర్ ఫోన్లో అనూ ఎందుకు ఉంటుంది?

దీనికి ఉన్న ఒకే దారి యూనికోడ్. అందులో తెలుగుకి సొంతంగా 128 స్థానాలు కేటాయించారు, "క" అంటే ఏ దేశంలో ఏ కంపెనీ ఫోన్లోనైనా "క" అన్న అర్థమే. విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచే గౌతమి ఫాంట్ దాంతో పాటు వచ్చేది, ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు ఉంటుంది, కాబట్టి చూసేవాడు ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. ఇంకో లాభం కూడా ఉంది. అనూ మ్యాటర్ గూగుల్‌కి తెలుగు కాదు, పిచ్చి ఇంగ్లిష్. "విజయవాడ శుభలేఖలు" అని ఎవరైనా తెలుగులో వెతికితే మీ పేజీ దొరకాలంటే మ్యాటర్ యూనికోడ్‌లోనే ఉండాలి. కొంతమంది ఈ గొడవ పడలేక మ్యాటర్ అంతా జేపీజీ చేసి బొమ్మగా పెట్టేస్తారు. కార్డు మోడల్ చూపించడానికి సరే గానీ, మీ అడ్రస్, రేట్లు కూడా బొమ్మలో పెడితే వెతికేవాడికీ దొరకదు, కాపీ చేసుకునేవాడికీ దొరకదు.

మళ్లీ మొదటి నుంచీ టైప్ చెయ్యక్కర్లేదు. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, పేస్ట్ చేసి బటన్ నొక్కడమే. కానీ మీ అనూ వెర్షన్ ఏదో చూసుకుని దానికి సరిపోయేదే ఎంచుకోండి, వెర్షన్ని బట్టి గుర్తుల స్థానాలు మారతాయి. మారిన మ్యాటర్ని అలాగే పెట్టెయ్యకండి, ప్రూఫ్ చదవండి. రావత్తు పక్క అక్షరానికి పోవడం, రెండు ఒత్తులున్న చోట ఒకటి జారిపోవడం, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలూ ఫోన్ నంబర్లూ కూడా తెలుగు అక్షరాలుగా మారిపోవడం, ఇవి మామూలుగా వచ్చేవే. శుభలేఖల మ్యాటర్ అంటే మీకు నేను చెప్పాలా, "చి||ల||సౌ||" లో నిలువు గీతలు దగ్గర్నుంచి "జ్యేష్ఠ పుత్రిక"లో ఠ వరకు అన్నీ చిక్కులే. ఒక్క పెళ్లికూతురి పేరులో ఒత్తు పోయినా శాంపిల్ చూసినవాళ్లు కార్డు కూడా ఇలాగే వేస్తారనుకుంటారు.

తర్వాత పేజీ పైన, హెడ్ భాగంలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 (యూనికోడ్‌ని ఫైల్లో రాసే పద్ధతి) అని ఉందో లేదో చూడండి. డ్రీమ్‌వీవర్‌లో పేజ్ ప్రాపర్టీస్, టైటిల్/ఎన్‌కోడింగ్‌లో ఉంటుంది. ఇది లేకపోతే యూనికోడ్ మ్యాటర్ కూడా చెడిపోయే అవకాశం ఉంది. హెచ్‌టీఎంఎల్ అనే మొదటి ట్యాగులో భాష తెలుగు అని, అంటే టీ ఈ అనే కోడ్ ఇవ్వండి.

అక్షరాలు అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి, ఉచితం. శీర్షికలకి రామభద్ర, సురన్న, మ్యాటర్‌కి మండలి, నోటో సాన్స్ తెలుగు నేను వాడతాను. హింద్ గుంటూరు అని మా ఊరి పేరుతోనే ఒక ఫాంట్ ఉంది, ఇంగ్లిష్, తెలుగు కలిపి రాసే రేట్ల పట్టీల్లాంటి వాటికి శుభ్రంగా ఉంటుంది. ఒక సైటుకి రెండు ఫాంట్లు చాలు. శుభలేఖ చేసే అలవాటుతో ఆరు ఫాంట్లు వెయ్యకండి, ప్రతి ఫాంటూ చూసేవాడి ఫోన్లోకి డౌన్‌లోడ్ కావాల్సిందే. లైన్ హైట్ ఇంగ్లిష్ పేజీలకి పెట్టినట్టు పెడితే పై వరస ఒత్తులూ కింది వరస గుడులూ ఢీకొంటాయి, 1.6 కన్నా తక్కువ పెట్టకండి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగుకి అసలు వాడొద్దు.

---

గవర్నరుపేట_కార్డ్స్:

మేడమ్, ఆటోనగర్ అన్నా, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. హోమ్ ఫైలు పేరు మార్చి, ఫైళ్లన్నీ నేరుగా లోపల వేశాక డొమైన్ కొట్టగానే సైటు వచ్చేస్తోంది. ఫోటోల్లో రెండు రకాల గొడవా ఉంది, డీ డ్రైవ్‌వి కొన్ని, కేపిటల్స్‌వి కొన్ని. ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి, కాకపోతే మోడల్స్ పేజీ తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోంది.

తెలుగు కన్వర్ట్ చేశాను, మేడమ్ చెప్పినట్టే ఫోన్ నంబర్లు మొత్తం తెలుగు అక్షరాలైపోయి కూర్చున్నాయి, అవి చేత్తో సరిచేశాను. మా నాన్నగారు కూర్చుని ప్రూఫ్ చదివారు, "పరిణయ మహోత్సవ ఆహ్వానము"లో హ కింద వ ఒత్తు ఏదని ఆయనే పట్టుకున్నారు. హెడ్డింగులకి రామభద్ర వేశా, బాగుంది.

బెంజిసర్కిల్ తమ్ముడూ, ఇన్‌స్టా మాకూ ఉంది. కానీ మా కస్టమర్లలో కార్డు డిసైడ్ చేసేది పెళ్లికూతురి మేనమామో పెదనాన్నో, వాళ్లు ఇన్‌స్టాలో ఉండరు. లింక్ వాట్సాప్‌లో పంపితే నొక్కి చూడాలి, అదే మాకు కావాల్సింది.

మిగిలినవి: ఫోన్లో అగ్గిపెట్టె సైజు, ఫారం, ఇంకా కొత్తగా ఒకటి. నా ఫోన్ డేటాలో కొత్త సైటు వస్తోంది, షాపు బ్రాడ్‌బ్యాండ్‌లో మాత్రం ఇంకా పాతదే వస్తోంది. మా మావయ్య ఫోన్లో అయితే పైన "నాట్ సెక్యూర్" అని కూడా ఉందట, ఇందులో వైరస్ ఉందేమో అని ఆయన మూసేశారు.

---

కానూరు_క్లాస్‌రూమ్:

కానూరులో ఇంజినీరింగ్ పిల్లలకి వెబ్ ల్యాబ్ చెబుతాను, ఏటా ఇవే ప్రశ్నలు, కాబట్టి త్వరగా చెప్పేస్తా.

షాపులో పాత సైటు రావడం బ్రౌజర్ దాచుకున్న కాపీ వల్ల. కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 కొట్టండి. అప్పటికీ రాకపోతే ఇన్‌కాగ్నిటోలో చూడండి. మీరు డొమైన్ ఒక చోట, హోస్టింగ్ ఇంకో చోట తీసుకున్నారు కదా, నేమ్‌సర్వర్లు (డొమైన్ ఏ హోస్టింగ్‌కి వెళ్లాలో చెప్పేవి) ఈ మధ్యే మార్చి ఉంటే ఆ మార్పు అన్ని నెట్‌వర్క్‌లకీ ఒకేసారి చేరదు, ఒక్కోసారి 48 గంటల దాకా పట్టొచ్చు. ఈలోపు ఒక నెట్‌లో కొత్తది, ఇంకో నెట్‌లో పాతది రావడం మామూలే. ఆ సమయంలో సెట్టింగులు కెలికితే ఇంకా చిక్కు, ఊరికే వదిలేయండి.

నాట్ సెక్యూర్ అంటే వైరస్ కాదని మీ మావయ్యగారికి చెప్పండి. సైటుకీ చూసేవాడికీ మధ్య వెళ్లేది బయటివాళ్లు చదవకుండా దాచే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ లేదు, అంతే. 2018 జులై నుంచి క్రోమ్ అలాంటి ప్రతి సైటుకీ ఆ మాట తగిలిస్తోంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్‌లలో సీప్యానెల్‌లో ఎస్‌ఎస్‌ఎల్ అనే చోట ఒక బటన్‌తో పడుతుంది. అది కొద్ది కాలానికే ఇచ్చే సర్టిఫికెట్, దానంతటదే రెన్యూ అయ్యేలా ఉందో లేదో ఒకసారి అడగండి. కొన్ని కంపెనీలు ఇదే సర్టిఫికెట్‌ని ఏడాదికి ఇంత అని అమ్ముతాయి, శుభలేఖల షాపుకి అది దండగ. సర్టిఫికెట్ పడ్డాక, హెచ్‌టీటీపీతో వచ్చినవాళ్లని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించే ఆప్షన్ కూడా ఆన్ చెయ్యాలి, లేకపోతే మావయ్యగారికి మళ్లీ అదే కనబడుతుంది.

ఫోన్లో చిన్నగా రావడానికి కారణం వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగ్ లేకపోవడం. అది లేకపోతే ఫోను దీన్ని కంప్యూటర్ పేజీ అనుకుని, దాదాపు 980 పిక్సెల్స్ వెడల్పుగా ఊహించుకుని, దాన్ని తన చిన్న తెర మీదకి కుదిస్తుంది. వెడల్పు డివైస్ వెడల్పంత, స్కేల్ 1 అని ఆ ట్యాగులో ఇవ్వాలి. అయితే అది పెట్టగానే అయిపోదు. డీటీపీ నుంచి వచ్చినవాళ్లు పేజీ సైజు ముందే ఫిక్స్ చేసేస్తారు, మీరు కూడా 1000 పిక్సెల్స్ టేబుల్ ఒకటి వేసి అందులో అన్నీ సర్ది ఉంటారని నా అనుమానం. కాగితానికి ఒకే కొలత, తెరకి అలా కాదు. ఆ టేబుల్ వెడల్పుని 100 శాతం చెయ్యండి, దానికి మ్యాక్సిమమ్ 1000 అని ఇవ్వండి. ఫోటోలకి మ్యాక్స్ విడ్త్ 100 శాతం, హైట్ ఆటో. పక్కపక్కన పెట్టిన గడులు ఫోన్లో ఒకదాని కింద ఒకటి రావాలంటే తెర వెడల్పుని బట్టి అమరిక మార్చే మీడియా క్వెరీ నేర్చుకోవాలి, ఐదు పేజీలకి అది పెద్ద పనేమీ కాదు.

మోడల్స్ పేజీ నెమ్మది ఎందుకంటే ప్రింటింగ్‌కి పంపే ఫోటోలనే ఎక్కించి ఉంటారు. 300 డీపీఐ అచ్చుకి కావాలి, తెరకి కాదు. వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి, ఫోటోషాప్‌లో సేవ్ ఫర్ వెబ్‌తో ఒక్కొక్కటి 200 కేబీ లోపు తీసుకురండి. సీఎంవైకేలో (అచ్చు రంగులు) ఉన్నవి ఆర్‌జీబీకి (తెర రంగులు) మార్చండి, లేకపోతే కొన్ని చోట్ల రంగులు ఎబ్బెట్టుగా వస్తాయి, ఎర్ర కార్డు మీద బంగారు అక్షరాలకి ఇది బాగా తెలుస్తుంది.

ఫారం: హెచ్‌టీఎంఎల్ ఒక్కటే అయితే ఫారం గీస్తుంది గానీ పంపలేదు. వెనక సర్వర్‌లో పీహెచ్‌పీ లాంటి భాషలో రాసిన ప్రోగ్రామ్ ఉండి మెయిల్ చెయ్యాలి. అది రాసినా ఆ మెయిళ్లు స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. నన్నడిగితే ఫారం తీసేయండి. దాని చోట ఒక పెద్ద ఆకుపచ్చ బటన్ పెట్టి వాట్సాప్ లింక్ ఇవ్వండి: డబ్ల్యూఏ డాట్ ఎంఈ, స్లాష్, 91, ఆ వెంటనే మీ పది అంకెల నంబరు, ముందు ప్లస్ గానీ సున్నా గానీ లేకుండా. నొక్కితే నేరుగా మీ చాట్ తెరుచుకుంటుంది. పెళ్లివారు మ్యాటర్ ఎలాగూ చేత్తో రాసి ఫోటో తీసే పంపుతారు.

---

కొత్తపేట_ట్రేడర్:

గుంటూరు నుంచి. టెక్నికల్ సంగతులు నాకు తెలియవు, ఒకటే మాట చెబుతా. డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి మెయిల్ ఐడీతో ఉందో ఈరోజే చూసుకోండి. మా మిర్చి వ్యాపారానికి సైటు చేయించినప్పుడు చేసినాయన డొమైన్ తన మెయిల్‌తో కొన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు, రెన్యూవల్ తేదీ దాటిపోయింది, మేం డబ్బు కడతామన్నా ఆ అకౌంట్‌లోకి వెళ్లే దారి లేదు. లెటర్‌హెడ్లు, విజిటింగ్ కార్డులు, గోతాల మీద అచ్చు అన్నీ ఆ పేరుతోనే వేయించి ఉన్నాం. చివరికి వేరే పేరు కొనుక్కుని గోతాలు మళ్లీ అచ్చు వేయించాం. మీరు సొంతంగా చేసుకుంటున్నారు కాబట్టి ఆ బాధ లేదు గానీ, షాపు మెయిల్‌తో తీసుకున్నారా, షాపులో పనిచేసే కుర్రాడి మెయిల్‌తోనా చూడండి. ఇంకోటి, మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి మురిసిపోకండి, రెండో ఏడాది హోస్టింగ్ రెన్యూవల్ ఎంతో ఇప్పుడే అడగండి, దాని మీద జీఎస్‌టీ వేరే.

---

ఆటోనగర్_సిస్టమ్స్:

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి ఒకటి కలుపుతా, సైట్ ఫోల్డర్ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఇంకో కాపీ పెట్టుకోండి. హోస్టింగ్ వాళ్ల దగ్గర బ్యాకప్ ఉంటుందిలే అనుకోవద్దు. మీది ఉత్త హెచ్‌టీఎంఎల్ సైటు, డేటాబేస్ లేదు, ఫోల్డర్ చేతిలో ఉంటే వేరే హోస్టింగ్‌కి మారడం కాసేపటి పని. వర్డ్‌ప్రెస్‌కి అంత సుళువు కాదు, దానికి అప్‌డేట్లు చెయ్యకపోతే హ్యాక్ కూడా అవుతుంది. తమ్ముడికి కోపం రాకూడదు.

రెండో ఏడాది రేటు మరీ ఎక్కువ చెబితే ఇలాంటి సైట్లకి గిట్‌హబ్ పేజెస్, నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచితంగా చోటు ఇస్తాయి. మీ సొంత డొమైన్ కూడా వాటికి తగిలించుకోవచ్చు.

---

బెంజిసర్కిల్_బాబు:

కోపమేం లేదు అన్నా. కానీ ప్రతి వారం కొత్త మోడల్స్ పెట్టాలంటే డ్రీమ్‌వీవర్ తెరిచి, ఫోటో తగ్గించి, లింక్ ఇచ్చి, అప్‌లోడ్ చెయ్యడం ముహూర్తాల టైంలో అయ్యే పనేనా? అప్పుడు వర్డ్‌ప్రెస్సే గుర్తొస్తుంది చూడండి.

---

గవర్నరుపేట_కార్డ్స్:

తమ్ముడు చెప్పిందీ ఆలోచించాల్సిందే, సీజన్లో ఊపిరి తీసుకునే టైం ఉండదు. ప్రస్తుతానికి సైట్లో ఎప్పుడూ నడిచే మోడల్స్ ఉంచి, కొత్తవి వాట్సాప్ క్యాటలాగ్‌లో పెట్టి లింక్ ఇద్దామనుకుంటున్నాను.

డొమైన్ నాన్నగారి మెయిల్ మీదే ఉంది, చూశాను. ఎస్‌ఎస్‌ఎల్ పడింది, వాట్సాప్ బటన్ పనిచేస్తోంది. టేబుల్ విషయం మేష్టారు చూడకుండానే చెప్పేశారు, అలాగే వేసి ఉంది, మారుస్తున్నాను. ఆఖరుగా ఒకటి: డొమైన్ పేరు తెలుగులోనే ఉండేది కూడా కొనొచ్చని ఎవరో అన్నారు, నిజమేనా? శుభలేఖల షాపుకి అదైతే భలే ఉంటుంది కదా.

---

కానూరు_క్లాస్‌రూమ్:

నిజమే. డాట్ ఇన్‌ని నడిపే నిక్సీ వాళ్లదే డాట్ భారత్ అని తెలుగు లిపిలో కూడా ఉంది, ముందు పేరు కూడా తెలుగులోనే పెట్టుకోవచ్చు. లోపల మాత్రం దాన్ని ఎక్స్ ఎన్ అని మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల వరసగా మార్చి వాడతారు, కొన్ని యాప్‌లలో లింక్ పంపితే ఆ వరసే బయటికి కనబడొచ్చు. ఆ పేరుతో మెయిల్ ఐడీ పెడితే చాలా సైట్ల ఫారాలు ఒప్పుకోవు. ఫోన్లో చెప్పేటప్పుడు కూడా తెలుగు కీబోర్డ్ లేనివాళ్లు టైప్ చెయ్యలేరు. కాబట్టి అసలు సైటు డాట్ ఇన్ మీదే ఉంచండి. తెలుగు పేరు దొరికితే కొని దీనికే మళ్లించండి, కార్డు వెనక అచ్చు వేసే చోట రెండూ వెయ్యొచ్చు.

టేబుల్ మార్చాక లింక్ ఇక్కడ పెట్టండి, మా పిల్లల చేత వేర్వేరు ఫోన్లలో తెరిపించి ఎక్కడ తేడా వచ్చిందో స్క్రీన్‌షాట్లు పంపిస్తాను.